పెరిగే పిల్లకు పెరిగే పరికిణీ

ఇంట్లో అందరికన్నా ముందు ఎవరి బట్టలు మూలపడతాయి? తాతయ్య పంచె పోగులు పైకి తేలేదాకా కడతాడు. నాన్న చొక్కా మెడపట్టీ నలిగి చిరిగేదాకా తొడుక్కుంటారు. అమ్మ చీరె సంగతి చెప్పనక్కరలేదు. అది చిరిగాక కూడా బొంతగా మారి మరో పదేళ్లు మంచం మీద ఉంటుంది. వీళ్ల బట్టలన్నీ అరిగిపోయి పోతాయి.

పదేళ్లు దాటిన ఆడపిల్ల బట్టలు మాత్రం అలా పోవు. కిందటి సంక్రాంతికి కుట్టించిన పరికిణీ తీసి చూడండి. రంగు వెలవలేదు, అంచు చెక్కుచెదరలేదు, ఒక్క కుట్టయినా ఊడలేదు. కాని తొడుక్కుంటే చీలమండల పైకి జానెడు పోయి కూర్చుంటుంది. జాకెట్టు చేతులు పట్టేస్తాయి. బట్ట పాడవలేదు, పిల్ల పెరిగింది, అంతే! ఇంత మంచి బట్ట ఏ చెల్లెలికో సరిపోతే సరే. చెల్లెలు లేకపోతే పెట్టె అడుగుకు పోతుంది.

ఇది డబ్బు నష్టం ఒక్కటే కాదు. ఒక నూలు చొక్కాకు కావలసిన పత్తి పండి, గుడ్డగా మారి, రంగు పడేసరికి సుమారు 2,700 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని లెక్క కట్టారు. రోజుకు మూడు లీటర్లు తాగే మనిషికి అవి రెండున్నర ఏళ్ల మంచినీళ్లు! ఒక చొక్కాకే ఇంత అయితే, గజాలకొద్దీ గుడ్డ పట్టే పరికిణీకి ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. చిరగని బట్టను మూల పడవెయ్యటమంటే ఆ నీళ్లన్నీ ఒలకబోసినట్టే.

దీనికి పెద్దవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. దర్జీతో, "పెరిగే పిల్ల కదా, కాస్త వదులుగా కుట్టు!" అంటారు. నన్నడిగితే ఇది ఉపాయమే కాదు. అలా కుట్టిన బట్టలో పిల్ల మొదటి ఏడాది గోనెసంచిలో దూరినట్టు ఉంటుంది. పరికిణీ కాళ్లకు అడ్డం పడుతుంది, భుజాలు జారిపోతాయి, బళ్లో తోటివాళ్లు నవ్వుతారు. రెండో ఏడాది సరిపోతుంది గాని, అప్పటికి బట్ట పాతబడుతుంది. అంటే పాపం ఆ పిల్లకు కొత్త బట్ట సరిగా అమరిన రోజంటూ ఉండదు. ఇవాళా సరిపోవాలి, వచ్చే ఏడాదీ సరిపోవాలి. అలా కుట్టటం సాధ్యమేనా? సాధ్యమే. మన అమ్మమ్మలకు అది బాగా తెలుసు.

ముందు పిల్ల ఎంత పెరుగుతుందో చూద్దాం. బడి ఈడు పిల్లలు మామూలుగా ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. ఆ తరవాత ఒక్కసారిగా పెరుగుదల జోరందుకుంటుంది. ఆడపిల్లలకు ఈ జోరు మగపిల్లల కన్నా సుమారు రెండేళ్లు ముందు, చాలామందికి పది, పదమూడేళ్ల మధ్య వస్తుంది. ఆ జోరు మీద ఏడాదికి 8 సెంటీమీటర్ల దాకా పొడుగెదుగుతారు. ఇంకో వింత ఏమంటే, ఒళ్లంతా ఒక్కసారే పెరగదు. మొదట కాళ్లూ చేతులూ సాగుతాయి, ఆ తరవాతే నడుము పైభాగం పుంజుకుంటుంది. అందుచేత ముందు పరికిణీ పొట్టిదవుతుంది, తరవాత జాకెట్టు బిగుతవుతుంది. తలుపు చట్రానికి ఆనుకుని నిలబడి పెన్సిలుతో గీతలు గీసుకునే పిల్లలుంటారు. ఆ గీతల పక్కనే నేల నుంచి నడుముదాకా కూడా ఒక గీత పెట్టుకుని చూడండి. కాళ్ల గీత ఎంత తొందరగా ఎక్కుతున్నదో తెలుస్తుంది.

ఇప్పుడు పరికిణీని చూడండి. ఇంత తెలివిగా పుట్టిన బట్ట అరుదు. ఇందులో వంపు కత్తిరింపు లేదు. పొడుగాటి గుడ్డను అలాగే అడ్డంగా తిప్పి, పైన నడుము దగ్గర కుచ్చిళ్లు పోసి, నాడా ఎక్కిస్తారు. నడుము కాస్త లావయితే నాడా వదులు చేసుకుంటే సరి, కుచ్చిళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. గుడ్డ అంచే పరికిణీ అంచు, కనుక కింద మడిచి కుట్టే పని కూడా లేదు. నేతలో పొడుగు పోగుల్ని పడుగు అనీ, అడ్డం పోగుల్ని పేక అనీ అంటారు. మగ్గం మీద బిగించి లాగటానికి తట్టుకోవాలని పడుగును గట్టిగా పురిపెట్టి గంజి పట్టిస్తారు. పరికిణీలో ఈ గట్టి పడుగు పోగులు కాళ్ల చుట్టూ తిరుగుతూ ఉంటాయి. అంగలు వేసి నడిచినప్పుడు, గట్టు మీది నుంచి దూకినప్పుడు లాగుడు పడేది సరిగ్గా ఆ దిశలోనే!

ఇక మిగిలింది పొడుగు. పరికిణీ పొడుగంటే గుడ్డ పన్నాయే. పన్నా 44 అంగుళాలు అనుకుందాం. పదకొండేళ్ల పిల్లకు నడుము నుంచి మడమ దాకా 35 అంగుళాలు కావాలి. నాడా ఎక్కించే మడతకు ఒక అంగుళం పోతే ఇంకా 8 అంగుళాలు మిగులుతుంది. తొందరపాటు దర్జీ ఆ మిగులును కత్తిరించి పారేస్తాడు. తెలివైన దర్జీ దాన్ని పరికిణీలోనే దాచిపెడతాడు. ఎలాగంటే, గుడ్డను చుట్టూతా ఒక అంగుళం లోతున మడిచి కుట్టు వేస్తాడు. దీన్నే టక్కు అంటారు. అంగుళం లోతు మడతలో రెండంగుళాల గుడ్డ ఇముడుతుంది, ఎందుకంటే గుడ్డ లోపలికి ఒక అంగుళం వెళ్లి మళ్లీ ఒక అంగుళం వెనక్కు రావాలి గదా. ఇలాటి టక్కులు నాలుగు వేస్తే 8 అంగుళాలూ ఇమిడిపోతాయి. పిల్ల పొడుగెదిగినప్పుడల్లా ఒక టక్కు విప్పితే పరికిణీ రెండంగుళాలు, అంటే 5 సెంటీమీటర్లు, దిగుతుంది. పెరుగుదల జోరు మీద ఉన్నప్పుడు కూడా కాళ్లు ఏడాదికి దాదాపు అంతే పెరుగుతాయి. అంటే ఏడాదికొక టక్కు! పదకొండేళ్లకు కుట్టిన పరికిణీ పధ్నాలుగేళ్లకు కూడా మడమల దాకా దిగే ఉంటుంది.

ఈ సంగతి మన దేశంలోనే కాదు, ఇతర దేశాల తల్లులకు కూడా తెలుసు. యూరప్‌లోనూ అమెరికాలోనూ పందొమ్మిదో శతాబ్దపు ఆడపిల్లల గౌనులు ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. వాటి అంచుల పైన సూది రంధ్రాల గీతలు కనిపిస్తాయి. అవి విప్పిన టక్కుల జాడలు.

టక్కు వెయ్యటంలో కూడా మెళకువలున్నాయి. కుట్టు పెద్ద పెద్దగా, అంగుళానికి ఆరేడు పడేట్టు వేస్తే చాలు, ఎప్పటికైనా విప్పవలసిందే గనక. దారం గుడ్డ రంగుకు దగ్గరగా ఉండాలి గాని మరీ కలిసిపోతే విప్పేటప్పుడు కళ్లు పోతాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. మడతలో దాగిన గుడ్డకు ఎండ తగలదు. అందుచేత ఏడాది తరవాత విప్పితే అక్కడ ముదురు రంగు పట్టీ ఒకటి కనిపిస్తుంది. దాని అంచున పాత మడత గీత కూడా ఉంటుంది. ఇంతమాత్రానికే చాలామంది పిల్లలు విప్పిన పరికిణీ కట్టుకోమని మొరాయిస్తారు. వాళ్లను తప్పు పట్టటానికి లేదు. ఈ చిక్కు ముందే ఊహించి, టక్కులను సరిగ్గా అంచు పైన వరసగా వెయ్యాలి. టక్కు ఉన్నంతకాలం అది అంచుకు అలంకారంలా ఉంటుంది. విప్పాక ముదురు పట్టీ అంచులో భాగంలా కలిసిపోతుంది. గీత మరీ కనిపిస్తే దాని మీద సన్నని రిబ్బను గాని జరీ పట్టీ గాని కుట్టవచ్చు. రంగు పక్కా కాని గుడ్డలో ఈ తేడా మరీ ఎక్కువ. కనుక గుడ్డ కొనేటప్పుడే తడి చేతిరుమాలుతో మూలను గట్టిగా రుద్ది చూడటం మంచిది.

పట్టు పరికిణీ సంగతి వేరు. నూలు గుడ్డలో సూది చేసిన రంధ్రం నాలుగు ఉతుకులకు పూడిపోతుంది. దగ్గరి నేత పట్టులో పూడదు, చుక్కల బారులా అలాగే మిగిలిపోతుంది. అందుకని పట్టుకు టక్కు పైన, నడుము దగ్గర వెయ్యాలి. విప్పాక రంధ్రాలు కుచ్చిళ్లలో దాగిపోతాయి.

జాకెట్టుకు టక్కు పనికిరాదు, అక్కడ పెరగవలసింది చుట్టుకొలత. మంచి దర్జీ కుట్టిన జాకెట్టును లోపలి వైపుకు తిప్పి చూస్తే పక్క కుట్టు వెంట రెండు మూడు వరసల కుట్లు కనిపిస్తాయి. పిల్లలు అది దర్జీ పరధ్యానం అనుకుంటారు గాని, ఆ వరసలు మెట్ల లాంటివి. ఒళ్లు చేసినప్పుడు లోపలి వరస విప్పితే తరవాతి వరస పట్టుకుని ఉంటుంది. లెక్క చూడండి: పక్క కుట్లు రెండు, ఒక్కొక్క కుట్టులో కలిసే గుడ్డ అంచులు రెండు, మొత్తం నాలుగు. ఒక్కొక్క అంచున అర అంగుళం ఎక్కువ వదిలితే చుట్టుకొలత రెండంగుళాలు పెరుగుతుంది.

దుకాణంలో తయారు బట్టలు కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. పైన ఎన్ని పూసలున్నాయో చూసే ముందు లోపలికి తిప్పి చూడాలి. చాలా వాటిలో కుట్టు పక్కన అర అంగుళం గుడ్డ కూడా ఉండదు. కోసేసి ఓవర్‌లాక్ కుట్టు వేసి ఉంటారు. అది చూడటానికి శుభ్రంగానే ఉంటుంది, కాని ఆ బట్టకు రేపు అనేది లేదు. కింద మడత రెండంగుళాలున్న కుర్తా, కాలి మడత పెద్దదిగా ఉన్న పాంటు దొరికితే, కాస్త ధర ఎక్కువైనా అదే చవక. చుడీదారు, బడి యూనిఫారం కుట్టించేటప్పుడు కూడా అడిగి ఈ మడతలు వదిలించుకోవచ్చు. ఎక్కువ పట్టే గుడ్డ కొద్దే.

భుజమూ చంకా మాత్రం విప్పటానికి లొంగవు. చంక వంపు ఒకసారి కత్తిరించాక పెంచటం కష్టం. దానికి పాతకాలపు పద్ధతి ఒకటుంది. చేతులనూ ఒంటినీ ఒకే ముక్కలో కత్తిరించి, చంక కింద నలుచదరపు ముక్క ఒకటి వేరే అతుకుతారు. చెయ్యి ఎత్తితే ఆ ముక్క సాగి చోటిస్తుంది. చెమటకు ముందుగా చివికేది కూడా అక్కడే గనక, ఆ ముక్క ఒక్కటీ మార్చితే బట్ట మళ్లీ గట్టిది.

ఇక్కడ దారం గురించి ఒక విచిత్రం చెప్పాలి. బట్ట గట్టిగా ఉండాలంటే దారం గుడ్డకన్నా గట్టిగా ఉండాలని మీరనుకుంటారు. కాదు, దారం గుడ్డకన్నా కాస్త బలహీనంగానే ఉండాలి! సైకిలు ఎక్కేటప్పుడు కుర్తా ఒక్కసారి లాగుకుందనుకోండి. దారం బలహీనమైతే కుట్టు తెగుతుంది; సాయంత్రం ఐదు నిమిషాల్లో మళ్లీ కుట్టవచ్చు. దారం మరీ గట్టిదయితే అది తెగక గుడ్డను కోసుకుపోతుంది, ఆ చిరుగు ఎన్నటికీ మాసిపోదు. అలాగే కుట్లు మరీ సన్నగా దగ్గర దగ్గరగా వెయ్యటం కూడా మంచిది కాదు. తపాలా బిళ్లలు సులువుగా చిరగటానికి వాటి మధ్య రంధ్రాలు చేస్తారు చూశారా? మరీ దగ్గరి కుట్లు గుడ్డకు ఆ పనే చేస్తాయి. మామూలు నూలు గుడ్డకు అంగుళానికి పది, పన్నెండు కుట్లు చాలు.

ఐతే కొన్ని చోట్ల బలం కావలసిందే. దీని గురించి అమెరికాలో జరిగిన కథ ఒకటుంది. నెవాడా రాష్ట్రంలోని రీనో పట్టణంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. 1870 ప్రాంతాల ఒక కట్టెలు కొట్టేవాడి భార్య వచ్చి, తన భర్తకు ఎన్ని పాంట్లు కుట్టించినా చిరిగిపోతున్నాయనీ, చిరగనిది ఒకటి కుట్టిపెట్టమనీ అడిగింది. డేవిస్ ఆలోచించాడు. పాంటు అంతా ఒక్కసారిగా చిరగదు. జేబుల మూలల దగ్గర, లాగుడు పడే చోట మాత్రమే మొదలవుతుంది. అతను గుర్రాల కప్పడాలకు రాగి రివెట్లు కొట్టేవాడు. అవే రివెట్లు తీసి జేబు మూలల్లో బిగించాడు. ఆ పాంట్ల పేరు ఊరూరా పాకింది. గుడ్డ అమ్మే లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న అతను దానికి పేటెంటు పొందాడు. మీరు చూసే జీన్సు జేబుల మీది రాగి బొట్లు అవే.

మన బట్టల్లో అటువంటి చోట్లు ఎక్కడున్నాయో వెదకండి. కుర్తాకు పక్కన చీలిక మొదలయ్యే చోట, జేబు మూలల్లో, నాడా బయటికి వచ్చే రంధ్రం దగ్గర చిన్న గుడ్డ ముక్క లోపల అతికి రెండు సార్లు కుట్టాలి. జేబు అంటే గుర్తొచ్చింది. ఆడపిల్లల బట్టలకు జేబు పెట్టకపోవటం ఎందుకో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. పెన్నూ, రూపాయి బిళ్లలూ, తాళంచెవీ అబ్బాయిలకు మాత్రమే ఉంటాయా? పరికిణీ కుచ్చిళ్లలో జేబు పెడితే ఎవరికీ కనిపించదు కూడా.

పరికిణీ అంచు నేలకు రాసుకుని అరుగుతుంది. దీనికి మందు మన చీరెలోనే ఉంది. చీరె అడుగున లోపలి వైపు ఫాల్ అని ఒక పట్టీ కుడతారు గదా. అరుగుదలంతా అది భరిస్తుంది. అరిగాక దాన్ని విప్పి కొత్తది వేస్తారు, చీరె మాత్రం చెక్కుచెదరదు. పరికిణీకి కూడా అలాటి పట్టీ వేస్తే అంచు ఎన్నాళ్లయినా ఉంటుంది.

ఇంత చేసినా గుడ్డ కత్తిరించే ముందు చెయ్యవలసిన పని ఒకటి మరిస్తే అంతా వృథా. కొత్త నూలు గుడ్డను రాత్రంతా నీళ్లలో నానేసి, నీడలో ఆరేసి, తరవాతే దర్జీకివ్వాలి. నేసేటప్పుడు పోగుల్ని లాగి బిగించి ఉంచుతారు. నీళ్లలో పడగానే అవి ఊరి, బిగువు వదిలి, దగ్గరికి చేరతాయి. ఆ ముడుచుకోవటం కుట్టకముందే జరగాలి. కుట్టాక జరిగితే ఇవాళ సరిపోయిన జాకెట్టు మొదటి ఉతుకుకే పిల్ల పెరగకుండానే బిగుతవుతుంది!

మన టక్కుకు ఈ కాలంలో దూరపు చుట్టం ఒకటి పుట్టింది. లండన్‌లో ర్యాన్ యాసిన్ అనే యువకుడు విమాన నిర్మాణ శాస్త్రం చదివి, తరవాత బట్టల రూపకల్పన వైపు తిరిగాడు. తన కుటుంబంలోని పసివాడికి బట్టలు కొని పంపితే, అవి చేరేసరికి ఆ పిల్లవాడికి చిన్నవైపోయాయట. ఆకాశంలోకి పంపే యంత్రాలలో కొన్ని భాగాలను చిన్నగా మడిచి పెట్టి, పైకి పోయాక విప్పుతారు. ఆ సూత్రమే తీసుకుని అతను గుడ్డ నిండా సన్నని శాశ్వతమైన మడతలు పడేట్టు చేశాడు. పిల్లవాడు పెరిగేకొద్దీ మడతలు పొడుగూతా అడ్డంగా కూడా సాగుతాయి. నాలుగు నెలల పసివాడికి తొడిగినది మూడేళ్ల దాకా సరిపోతుంది. పెటీ ప్లి అనే ఈ బట్టలకు 2017లో బ్రిటనులో జేమ్స్ డైసన్ బహుమతి వచ్చింది. ఇందులో విప్పే పని లేదు, అది గొప్పే. ఐతే అది కృత్రిమ నూలుతోనే సాధ్యం. వేడికి మడత నిలబెట్టుకునే గుణం పత్తికి లేదు.

తల్లిదండ్రులకు కూడా ఒక్క మాట. పదమూడేళ్ల పిల్లకు రంగు నచ్చకపోతే టక్కులు నాలుగు కాదు పది వేసినా ఆ పరికిణీ పెట్టెలోంచి బయటికి రాదు. మూడేళ్లు కట్టవలసిన బట్ట గనక మామూలు కన్నా ఎక్కువగా ఆమెనే అడగాలి. గుడ్డ ఎంచేటప్పుడు, టక్కు ఎక్కడ వెయ్యాలో నిర్ణయించేటప్పుడు ఆమెను దర్జీ దగ్గరికి వెంటబెట్టుకు పోవాలి. తన టక్కు తానే విప్పుకోవటం నేర్పితే మరీ మంచిది. అబ్బాయిలకూ నేర్పవచ్చు, సూది ఎవరి చేతిలోనైనా ఒకటే.

ఇక చివరిది, మాసికల సంగతి. కుట్టగా మిగిలిన ముక్కను చాలామంది కుట్టుపెట్టెలో జాగ్రత్తగా దాస్తారు. రెండేళ్లకు చిరుగు పడినప్పుడు తీసి వేస్తే ఆ మాసిక కొత్త రంగుతో మెరుస్తూ దూరం నుంచే కనిపిస్తుంది. అందుచేత ముక్కను దాచవద్దు. పరికిణీ ఉతికినప్పుడల్లా దాన్ని కూడా ఉతికి, పక్కనే దండెం మీద ఆరెయ్యండి. పరికిణీతోబాటే అదీ వెలుస్తుంది.